బీము తాడుకు లెక్క కట్టిన ఆయిలర్

సోలాపూర్ పూర్వభాగంలో పుట్టి పెరిగిన మనకు బీము తాడు కొత్తేం కాదు. బీము చివర తాడు రెండు చుట్లు వేసి, కొసకు బరువు వేలాడదీస్తే పడుగు బిగువుగా నిలుస్తుంది. బరువు చిన్నదే, పట్టు మాత్రం పెద్దది. ఇంకో చుట్టు వేస్తే ఎంత బిగుస్తుందో మన పెద్దల చేతులకే తెలుసు. ఆ పట్టుకు లెక్క కట్టినాయన లియోనార్డ్ ఆయిలర్. ఈ సంచికలో ఆయన జీవితం మన కుటుంబాలకు చెప్పాలనుకున్నాం.

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు, కొడుకూ అదే దారిన నడవాలని ఆశ. అయితే యోహాన్ బెర్నౌలీ అనే గణిత పండితుడు ప్రతి శనివారం ఆ కుర్రవాడి సందేహాలు తీర్చి, తండ్రికి నచ్చజెప్పి లెక్కల వైపు మళ్ళించారు. 1727లో పని వెతుక్కుంటూ ఆయిలర్ రష్యా వెళ్ళారు. మగ్గం పని కోసం తెలుగు నేల వదిలి ఇక్కడికొచ్చిన మన తాతలకు ఆ బాధ తెలుసు. ఆయన మళ్ళీ సొంతూళ్ళో స్థిరపడలేదు. 13 మంది పిల్లలు పుడితే ఐదుగురే పెద్దవాళ్ళయ్యారు.

1741 నుంచి 25 ఏళ్ళు బెర్లిన్‌లో ఉన్నారు. సన్నటి పుల్లను రెండు చేతులా వంచితే ఏ ఆకారం తీసుకుంటుందో 1744లో ఒక పుస్తకంలో లెక్కగా చూపించారు. తాడు లెక్కా అప్పటిదే. చుట్టు పెరిగిన కొద్దీ పట్టు కూడదు, హెచ్చవుతుందని తేల్చారు. రాపిడి గుణకం 0.3 ఉంటే ఒక చుట్టుతో కిలో బరువు దాదాపు ఆరున్నర కిలోలను ఆపుతుంది. రెండు చుట్లకు సుమారు 43 కిలోలు, మూడింటికి 280 దాటుతుంది!

ఆయన కుడి కన్ను 1738 నాటికే పోయింది. 1766లో రష్యాకు తిరిగొచ్చాక ఎడమ కంటికి శుక్లం వచ్చింది. 1771లో ఆపరేషన్ చేసినా చూపు నిలవలేదు. అదే ఏడాది ఇల్లు కాలిపోతుంటే, బాసెల్ నుంచి వచ్చిన పీటర్ గ్రిమ్ అనే పనివాడు ఆయన్ను మంటల్లోంచి బయటికి తెచ్చాడు. అయినా పని ఆగలేదు. మనసులో లెక్క చేసి చెబితే కొడుకులు, శిష్యులు రాసుకునేవారు. ఆయన రచనల్లో దాదాపు సగం ఈ చీకటి కాలంలోవే. 1783 సెప్టెంబర్ 18న 76వ ఏట కన్నుమూశారు.

మన మనసుకు హత్తుకునే మాట ఇంకోటుంది. 1770లో అచ్చయిన బీజగణితం పుస్తకాన్ని ఆయన చెబుతుంటే రాసింది ఒక దర్జీ పని నేర్చిన కుర్రవాడు. చదువుకున్న పండితుడేం కాదు. రాస్తూ రాస్తూనే ఆ కుర్రవాడికి బీజగణితం వచ్చేసిందట.

ఆయిలర్ లెక్కకు 1859లో కిర్కాఫ్ మెలితిప్పే లెక్క జోడించారు. 2008లో అమెరికా, జర్మనీ, ఫ్రాన్స్ పరిశోధకులు అదే దారిలో కంప్యూటర్లో దారాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఎంత వంగింది, ఎంత మెలిపడింది అని లెక్కిస్తూ, ముడి ఎలా బిగుసుకుంటుందో కూడా చూపించారు. ఇప్పుడు వెంట్రుకలు, తాళ్ళు, ఆపరేషన్ కుట్లు ఇలాగే తెర మీద కదులుతున్నాయి.

మన పిల్లలు కంప్యూటర్ చదువులకు పుణె వెళ్తున్నారు. మగ్గం మీద నేర్చినదంతా ఇక్కడే వదిలేశామని అనుకోకండి నాన్నా. దారం ఎక్కడ తెగుతుందో, ముడి ఎక్కడ జారుతుందో, తాడు ఎన్ని చుట్లకు పట్టుకుంటుందో మీ అమ్మానాన్నలనూ తాతలనూ అడిగి రాసుకోండి. చూపు మందగించిన పెద్దలు కూడా చెప్పగలరు. రాసుకునే పిల్లాడొకడు పక్కన కూర్చుంటే చాలు.