పదకొండు నెలల ఊరు

1825లో రాబర్ట్ ఓవెన్ అనే మిల్లు యజమాని అమెరికాలోని ఇండియానాలో ఏకంగా ఒక ఊరే కొన్నాడు. దాని పేరు న్యూ హార్మొనీ. ఆస్తి అందరిదీ, పనీ అందరిదీ అన్నాడు. రెండేళ్లకే తగువులొచ్చి చెదిరిపోయింది. ఇలా కలగని కట్టిన ఊళ్లు ఆ దేశంలో చాలానే లేచి పడ్డాయి. వాటి చరిత్ర చదువుతుంటే నాకు మాటిమాటికీ మన చీరాలే గుర్తొచ్చింది. అక్కడ డబ్బున్నోడు ఊరు కొన్నాడు. ఇక్కడ డబ్బు లేనోళ్లు ఉన్న ఊరొదిలి కొత్త ఊరు కట్టుకున్నారు. వాళ్లని నడిపిన మనిషి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు.

ఆయన 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పసితనంలోనే తల్లీతండ్రీ పోయారు. బాబాయి, నాయనమ్మ పెంచారు. హైస్కూల్లో ఒకసారి తప్పారు. బాపట్ల తాలూకా ఆఫీసులో గుమాస్తా పని చేశారు. అలాంటి కుర్రోడు ఓడెక్కి ఎడింబరో ఎల్లి ఎం.ఏ. చేసొచ్చారండీ. మన రాజమండ్రిలోనూ, బందరు జాతీయ కళాశాలలోనూ పాఠాలు చెప్పారు. పైవాళ్లతో పొసగలేదు, రెండూ వదిలేశారు. ఆనక కాంగ్రెస్‌లోకి దిగి రామదండు అని వెయ్యిమంది కుర్రోళ్లతో ఒక సేవాదళం కట్టారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభల్లో జనాన్ని అదుపు చేసింది ఆ దండే.

ఇక చీరాల సంగతి. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల ఊళ్లని కలిపి మునిసిపాలిటీ చేసేసింది. ఏడాదికి 4 వేలున్న పన్ను 40 వేలయింది. వాళ్లలో చాలామంది నేతగాళ్లు, చిన్నా చితకా బేరాలోళ్లు. మాకొద్దు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నారు, ఎవరూ వినలేదు. పన్ను కట్టమన్నవాళ్లని జైలుకి పంపారు. అందులో ఒక ఆడమనిషి కూడా ఉంది. 1921 ఏప్రిల్లో గాంధీ గారొచ్చి రెండు దారులు చెప్పారు: పన్ను కట్టకుండా నిలబడటం, లేదా ఊరొదిలి పోవడం. గోపాలకృష్ణయ్య గారు రెండోది పట్టుకున్నారు. మునిసిపాలిటీ హద్దు దాటితే పన్నే లేదు కదా!

15 వేల జనంలో 13 వేల మంది ఇళ్లకి తాళాలేసి పొలిమేర దాటారు. పాకలేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. అన్ని కులాల నుంచీ మనుషుల్ని ఎన్నుకుని ఒక సభ పెట్టుకున్నారు. తగువులు తీర్చడానికి సొంత పంచాయతీ పెట్టుకున్నారు. ఎండకి, వానకి ఓర్చి పదకొండు నెలలు ఉన్నారు.

మరెందుకు పోయింది? ఓవెన్ ఊరులా లోపలి తగువుల వల్ల కాదు. మాట్లాడొద్దన్న చోట మాట్లాడారని గోపాలకృష్ణయ్య గారిని బరంపురంలో పట్టుకుని, ఏడాది శిక్షేసి తిరుచినాపల్లి జైలుకి పంపారు. నడిపే మనిషి లేడు, చేతిలో డబ్బు లేదు. జనం తిరిగి పాత ఇళ్లకే ఎల్లారు. మునిసిపాలిటీ నిలిచింది. ఆంధ్రరత్న అని పిలిపించుకున్న ఆ మనిషి క్షయతో, పేదరికంలో, 1928లో కన్నుమూశారు. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఓడిపోయిన కథ మాకెందుకు అంటారేమో. మన గోదావరి వైపు పక్క పంచాయతీలని పట్నంలో కలుపుతామన్న మాట వచ్చిన ప్రతిసారీ ఇదే భయం లేస్తోంది: పన్ను పెరుగుద్ది, ఉపాధి పనులు పోతాయి, మనల్ని అడిగేదెవరు? వందేళ్ల కింద చీరాలోళ్లు అడిగిందీ ఇదే. పాకల్లో ఉండి కూడా ఎన్నికలు పెట్టుకున్నోళ్లు వాళ్లు. మనకి గ్రామసభ చట్టంలోనే ఉంది, ఎంతమందిమి ఎల్తున్నాం? ఎల్లండి, లెక్కలడగండి. మరోటి కూడా: ఒక్క నాయకుడి మీదే బరువంతా పెట్టకండి. ఆయన్ని పట్టుకుపోతే ఏమవుద్దో రామనగర్ చూపించింది. ఊరికి పదిమంది గోపాలకృష్ణయ్యలు కావాలి.