న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు

మన ఐరాల చెంతనున్న కాణిపాకమునందు, బాహుదానది యొడ్డున, వరసిద్ధి వినాయకుని యాలయము గలదు. తగవు తెగనపుడు ఉభయపక్షములవారును అచ్చట ప్రమాణము చేయుట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. లిఖితుడను తపస్వి తన యన్నగారి తోటలోని పండ్లను అడుగక తిని, రాజుచే శిక్షింపబడి చేతులను గోల్పోయి, యీ నదిలో స్నానమాడి వానిని మరల బడసెనని పెద్దలు చెప్పుదురు. తపస్వియైనను ధర్మమునకు లోబడవలయునని యా కథకు దాత్పర్యము. మఱి శిక్షించు ప్రభుత్వమే హద్దు మీరినచో దానిని నిలుపువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయందే తమ జీవితమును గడపిన మహనీయులు కోకా సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1902వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. అచ్చటి కళాశాలలో చదువు ముగించి, చెన్నపట్టణమున న్యాయశాస్త్రము నభ్యసించిరి. కొలదికాలము బాపట్లలో జిల్లా మునసబుగా నుండి, పిదప చెన్నపట్టణమున తమ భార్యకు సోదరులైన పి. వి. రాజమన్నారుగారితో గలసి వకీలు వృత్తిని సాగించిరి. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయాధిపతిగా నియమింపబడిరి.

1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడెను. రాజధాని, హైకోర్టు అను రెంటిలో నొకదానిని గోరుకొనుటకు రాయలసీమవారికి 1937నాటి శ్రీబాగ్ ఒడంబడిక యవకాశ మిచ్చియుండెను. తదనుసారముగా రాజధాని కర్నూలునందును, హైకోర్టు గుంటూరునందును నెలకొనెను. 1954లో ఆ హైకోర్టునకు బ్రథమ ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావుగారే. అదే సంవత్సరమున తిరుపతిలో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు మొదటి ఛాన్సలరును వారే. ఇట్లు మన ప్రాంతపు విద్యాభివృద్ధితో వారికి సంబంధ మేర్పడెను.

1958లో సుబ్బారావుగారు ఢిల్లీయందలి సుప్రీంకోర్టునకు వెళ్లిరి. అచ్చట 1962లో ఖడక్ సింగ్ అను నొక సామాన్యుని వ్యాజ్యము విచారణకు వచ్చెను. ఇతనిపై దోపిడి నేరము మోపబడి, సాక్ష్యము లేనందున విడిచిపెట్టబడెను. అయినను పోలీసులు రాత్రివేళల నతని యింటికి వచ్చి తలుపు తట్టుచు, అతని రాకపోకలను గనిపెట్టుచుండిరి. రాత్రి తనిఖీలు చెల్లవని న్యాయమూర్తు లెల్లరు నంగీకరించిరి. కాని తక్కిన నిఘా చెల్లునని యధికసంఖ్యాకులు తీర్పు చెప్పగా, సుబ్బారావుగారు జె. సి. షా గారితో గూడి భిన్నాభిప్రాయమును వ్రాసిరి. ఎల్లప్పుడు వెన్నంటి చూచు కన్నులుండగా మనుజుడు స్వేచ్ఛగా దిరుగుచున్నాడనుట వట్టిమాట యని వారి వాదసారము.

1966 జూన్ 30వ తేదీన వారు భారత ప్రధాన న్యాయమూర్తులైరి. 1967 ఫిబ్రవరి 27వ తేదీన గోలక్‌నాథ్ వ్యాజ్యమున పదునొకండుగురు న్యాయమూర్తులలో ఆర్గురు ఒక పక్షమునను, ఐదుగురు వేఱొక పక్షమునను నిలిచిరి. ఇకమీదట రాజ్యాంగ సవరణముచే నైనను ప్రజల ప్రాథమిక హక్కులను తగ్గించుటకు పార్లమెంటునకు అధికారము లేదని సుబ్బారావుగారి పక్షము నిర్ణయించెను. అయితే పూర్వము జరిగిన సవరణములు చెల్లునని కూడ చెప్పినందున, భూపరిమితి చట్టమును ఎదిరించిన గోలక్‌నాథ్ కుటుంబమువారు వ్యాజ్యమున నోడిపోయిరి.

ఈ తీర్పుపై దేశమంతట వాదోపవాదములు చెలరేగెను. ప్రజ లెన్నుకొనిన సభను ప్రజ లెన్నుకొనని కొలదిమంది యడ్డగించుట తగదనియు, భూసంస్కరణములు నిలిచిపోవుననియు గొందఱు వాదించిరి. పుంగనూరు, కార్వేటినగరము జమీందారీల కథలు వినియున్న మనవారికి ఈ వాదమునందలి బలము తెలియకపోదు. జమీందారీలు రద్దగుట శాసనసభ చేసిన చట్టమువలననే గదా! నేడు మంచికి ఉపయోగపడిన యధికారమే రేపు నోరు మూయించుటకును ఉపయోగపడవచ్చునని రెండవ పక్షమువారు బదులు చెప్పిరి. ఇరుపక్షములకును ప్రజాక్షేమమే కారణమని గ్రహింపవలెను.

తీర్పు వెలువడిన పిదప నెలన్నర లోపల, ఏప్రిల్ 11వ తేదీన, సుబ్బారావుగారు పదవిని విడిచి, ప్రతిపక్షముల యభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి బోటీచేసిరి. జాకీర్ హుస్సేన్‌గారికి 4,71,244 ఓట్ల విలువయు, వీరికి 3,63,971యు లభించెను. న్యాయపీఠమునుండి నేరుగా ఎన్నికల రంగమునకు దిగుట సరికాదని పలువురు విమర్శించిరి. ఆ విమర్శ త్రోసివేయదగినది కాదు. న్యాయస్థానమునకు సైన్యము లేదు, ధనాగారము లేదు. జనుల నమ్మకమే దాని బలము.

1973 ఏప్రిల్ 24వ తేదీన కేశవానంద భారతి వ్యాజ్యమున సుప్రీంకోర్టు గోలక్‌నాథ్ తీర్పును కొట్టివేసెను. అయినను పార్లమెంటు రాజ్యాంగమును సవరింపవచ్చును గాని, దాని మూలస్వరూపమును జెఱుపరాదని నిర్ణయించెను. ఇట్లు వారి తీర్పు పోయినను, హద్దు ఉండవలెనను వారి భావము వేఱొక రూపమున నిలిచెను. 1976 ఏప్రిల్ 28వ తేదీన, అత్యవసర పరిస్థితి నడుచుచుండగా, విచారణ లేక నిర్బంధింపబడినవారు తమ విడుదలకై న్యాయస్థానము నాశ్రయింపజాలరని అదే కోర్టు తీర్పు చెప్పెను. పిమ్మట ఎనిమిది దినములకు, మే 6వ తేదీన, సుబ్బారావుగారు పరమపదించిరి. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఆ 1976 నాటి తీర్పును త్రోసివేసి, ఖడక్ సింగ్ వ్యాజ్యమున సుబ్బారావుగారు వ్రాసిన భిన్నాభిప్రాయమే సరియైనదని యంగీకరించిరి.

విద్యార్థులారా! తీర్పు మనకు అనుకూలమైనచో న్యాయస్థానమును బొగడుటయు, ప్రతికూలమైనచో దూషించుటయు లోకమున సామాన్యము. ఎవరు గెలిచిరో యని గాక, ఏ కారణమున గెలిచిరో యని విచారించుటయే వివేకము. ఒంటరియైన సామాన్యుని తలుపును రాత్రివేళ తట్టిన యధికారమును బ్రశ్నించిన న్యాయమూర్తి యొకరు మన తెలుగుదేశమున బుట్టిరని మనము మఱవకుందము.