క్రిస్టఫర్ రెన్

లండన్‌లోని సెయింట్ పాల్స్ ప్రార్థనాలయ నిర్మాతగా జగద్విఖ్యాతుడైన క్రిస్టఫర్ రెన్ వైద్యశాస్త్రానికి సైతం ఒక నూతన మార్గం చూపాడు. ఆయన 1632లో ఇంగ్లండులో జన్మించాడు.

రక్తం దేహమంతటా పరిభ్రమిస్తుందని విలియం హార్వే 1628లోనే ప్రకటించాడు. అట్లయితే సిరలో చేర్చిన ఔషధం సర్వాంగాలకూ చేరాలి కదా! ఈ ఊహను పరీక్షించడానికి రెన్ 1656 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డులో, రాబర్ట్ బాయిల్ తోడ్పాటుతో పూనుకున్నాడు. ఇంజక్షన్ సూది లేని కాలమది. పక్షి ఈక గొట్టానికి తిత్తిని బిగించి, ద్రాక్షాసవంలో కలిపిన నల్లమందును ఒక శునకం కాలి సిరలోకి ఎక్కించాడు. అనతికాలంలోనే మత్తు మెదడుకెక్కి శునకం తూలిపోయింది. ఆ నిద్ర మరణనిద్ర కాకూడదని దానిని కొరడాతో అదలిస్తూ తోటలో పరుగెత్తించారు. క్రమంగా మత్తు వీడింది, శునకం బ్రతికింది.

మత్తు ఎక్కడం, దిగడం అనే ఈ రెండింటి మర్మం చాలాకాలానికి గాని తెలియలేదు. 1934లో వాడుకలోకి వచ్చిన థయోపెంటాల్ క్షణాలలో మెదడును చేరుతుంది. అక్కడినుండి కండరాలకు తరలిపోగానే రోగి మేల్కొంటాడు. ఆ పిదప కాలేయం దానిని మార్చగా, మూత్రపిండాలు విసర్జిస్తాయి. మోతాదు మించితే శ్వాసయే స్తంభిస్తుంది. కనుకనే మత్తువైద్యుడు అనుక్షణం రోగిని కనిపెట్టి ఉంటాడు.

రెన్ 1723లో కీర్తిశేషుడయ్యాడు. ఆయన కట్టిన ఆలయం లండన్‌లో నిలిచింది. ఆయన తెరచిన మార్గం ప్రతి శస్త్రచికిత్సాలయంలోనూ నిలిచింది.