ధ్రువకాంతుల అన్వేషి బిర్కెలాండ్

ఉత్తర ధ్రువ ప్రాంతాల దీర్ఘరాత్రులలో ఆకుపచ్చని కాంతితెరలు ఆకాశమంతా పరచుకొని కదలాడుతుంటాయి. వీటికి ధ్రువకాంతులని పేరు. వీటి పుట్టుకకు కారణం అన్వేషించడంలో జీవితాన్ని ధారపోసిన భౌతికశాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్.

ఆయన 1867 డిసెంబరు 13న నార్వే దేశంలోని క్రిస్టియానియా నగరంలో జన్మించాడు. అదే నేటి ఓస్లో. 1898లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవిని పొందాడు.

విద్యుదావేశం గల కణం అయస్కాంత క్షేత్రంలో చలించేటప్పుడు దానిపై పనిచేసే అయస్కాంత బలం అది పోయే దిశకు ఎల్లప్పుడూ లంబంగా ఉంటుంది. అందువల్ల కణవేగం పెరగదు, తరగదు. మార్గం మాత్రమే వంగుతుంది. బలరేఖకు అడ్డంగా పోయే కణం వృత్తంలో తిరుగుతుంది. రేఖ వెంబడి కూడా కొంత వేగముంటే, పందిరిరాటను అల్లుకొనే తీగవలె దానిని చుట్టుకొంటూ సాగుతుంది. భూమి బలరేఖలు ధ్రువాల సమీపంలో నేలకు దిగుతాయి. సూర్యుని నుండి వచ్చే ఆవేశకణాలు ఈ విధంగా ధ్రువాలవైపు మళ్లి, పైవాతావరణంలో కాంతిని పుట్టిస్తాయని బిర్కెలాండ్ ఊహించాడు.

ఊహతో ఆయన తృప్తిపడలేదు. గాలి తీసివేసిన గాజుపెట్టెలో అయస్కాంతీకరించిన చిన్న గోళాన్ని అమర్చి, దానిపై కాథోడ్ కిరణాలను ప్రసరింపజేశాడు. గోళపు ధ్రువాల చుట్టూ కాంతివలయాలు మెరిశాయి. 1899–1900 శీతకాలంలో ఉత్తర నార్వేలోని హాల్డె శిఖరంపై, సుమారు 900 మీటర్ల ఎత్తున, బృందంతో కలిసి పరిశీలనలు జరిపాడు. మంచుచరియ విరిగిపడి సహచరుడొకడు మరణించినా పరిశోధన ఆగలేదు. 1902–03లో మరొక యాత్ర సాగించాడు. గాలిలోని నత్రజనితో ఎరువు తయారుచేసే పద్ధతిని సామ్ ఐడెతో కలిసి రూపొందించి, ఆ ఆదాయాన్ని కూడా తన పరిశోధనలకే వెచ్చించాడు.

బలరేఖల వెంట ఆకాశం నుండి విద్యుత్ప్రవాహాలు దిగివస్తాయన్న ఆయన వాదాన్ని ఆనాటి ప్రముఖులు పలువురు అంగీకరించలేదు. నోబెల్ బహుమతికి పలుమార్లు ప్రతిపాదింపబడినా అది లభించలేదు. 1917 జూన్ 15న, స్వదేశానికి దూరంగా టోక్యోలో, 49వ ఏట కన్నుమూశాడు.

ఆయన మరణించిన అర్ధశతాబ్దికి సత్యం వెల్లడైంది. 1963లో ప్రయోగించిన ఒక ఉపగ్రహం ధ్రువప్రాంతాలపై అయస్కాంత కల్లోలాలను నమోదు చేసింది. బలరేఖల వెంట ప్రవహించే విద్యుత్తే వాటికి కారణమని 1967లో శాస్త్రజ్ఞులు వివరించారు. సూర్యకణాలు నేరుగా దిగివస్తాయన్న ఆయన ఊహకు తరువాతి కాలంలో సవరణ జరిగింది. ఆ కణప్రవాహం భూ అయస్కాంత క్షేత్రాన్ని కల్లోలపరచగా, అక్కడ శక్తిని పుంజుకొన్న ఎలక్ట్రాన్లు వాతావరణంలోకి దూకుతాయని నేడు తెలుసు. అయినా ఆయన చూపిన దారి సరైనదే. ఆ ప్రవాహాలు నేడు బిర్కెలాండ్ పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి. జీవించి ఉండగా దక్కని గుర్తింపును శాస్త్రలోకం ఆ విధంగా ఆయనకు సమర్పించింది.