కొండలెక్కిన పోపుగారు

ఏటా మనం వైభవంగా జరుపుకునే క్రీస్తురాజు మహోత్సవాన్ని 1925లో శ్రీసభకు ఇచ్చినవారు పదకొండవ పయస్, అనగా భక్తినాథ పోపుగారు. 1928లో నెల్లూరు, 1937లో బెజవాడ మేత్రాసనాలను నెలకొల్పినదీ వారే. అయితే వారు యౌవనంలో ఆల్ప్స్ శిఖరాలను అధిరోహించిన సాహసి అని మీలో ఎందరికి తెలుసు?

వారి అసలు పేరు అకిల్లె రత్తి. 1857లో ఇటలీలోని మిలాను నగరానికి సమీపాన దేసియోలో జన్మించారు. 1879లో గురుపట్టం పొందారు. 1888 నుండి మిలానులోని అంబ్రోసియన్ గ్రంథాలయంలో ప్రాచీన గ్రంథాల సేవ చేశారు. పుస్తకాల మధ్య బ్రతికే ఆ గురువుకు వేసవిలో కొండలే విశ్రాంతి.

1889 జూలై చివర, 32వ ఏట, మోంటే రోజా పర్వతాన్ని తూర్పువైపు నుండి ఎక్కడానికి బయలుదేరారు. దాని ఎత్తు 4,634 మీటర్లు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1881లో, అదే వైపున మంచు విరిగిపడి మరినెల్లి అనే పర్వతారోహకుడు, ఇద్దరు మార్గదర్శులు మరణించారు. ఆ ముప్పు తెలిసే రత్తిగారు సిద్ధపడ్డారు. అప్పటికే ఎన్నో ఏళ్లుగా కొండలెక్కి శరీరాన్ని అలవాటు చేసుకున్నారు. స్నేహితుడైన గ్రస్సెల్లి అనే గురువును తోడు తీసుకున్నారు. అనుభవజ్ఞులైన ఇద్దరు మార్గదర్శులను కుదుర్చుకున్నారు. ఎండ తగిలితే మంచు సడలుతుంది గనుక, అది గట్టిగా గడ్డకట్టి ఉండే అర్ధరాత్రి వేళ ఆ ప్రమాదస్థలాన్ని దాటేలా బయలుదేరారు.

అయినా శిఖరం చేరువయ్యేసరికి పొద్దుగూకింది. చీకటిలో దిగడం ప్రాణాంతకం. సుమారు 4,600 మీటర్ల ఎత్తున, ఇరుకైన బండ అంచున, గడ్డకట్టే చలిలో నలుగురూ ఆ రాత్రి గడిపారు. నిద్రపోతే ప్రమాదమని ఒకరినొకరు మేలుకొలుపుకుంటూ తెల్లవార్చారు. తరువాత జుమ్‌స్టైన్ కనుమ మీదుగా స్విట్జర్లాండు వైపు క్షేమంగా దిగారు.

గమనించండి! రత్తిగారి ధైర్యం మొండితనం కాదు. మూలసుగుణాలు నాలుగింటిలో వివేకానిదే మొదటి స్థానమని పునీత తోమా అక్వినాసు బోధించారు. వివేకం లేని ధైర్యం తెగింపే గాని సుగుణం కాదు. దేవాలయ శిఖరం నుండి దూకమన్న సైతాను మాటను ప్రభువు త్రోసిపుచ్చారు గదా! దేవుడు కాపాడతాడని చెప్పి సిద్ధపడకుండా వెళ్లడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడమే.

ఈ వివేకమే వారిని తరువాత కూడా నడిపింది. 1922లో పోపుగారయ్యారు. 1937లో నాజీల దౌర్జన్యాన్ని ఖండిస్తూ వ్రాసిన విశ్వలేఖను రహస్యంగా జర్మనీకి చేర్చి, అక్కడ గుట్టుగా అచ్చువేయించి, మ్రానికొమ్మల ఆదివారంనాడు దేవాలయాలలో చదివించారు. నిశ్శబ్దంగా సిద్ధపడటం, తగిన వేళ ధైర్యంగా అడుగువేయడం. కొండ నేర్పిన పాఠమే అది!

తల్లిదండ్రులారా! నేడు మన విచారణల యువత కూడా హిమాలయాలకు ట్రెక్కింగ్‌కు వెళుతున్నారు. వద్దనకండి, సిద్ధపరచండి. రత్తిగారు రాత్రి గడిపిన ఎత్తులో, సముద్రతీరాన అందే ప్రాణవాయువులో సగానికి కాస్త పైగా మాత్రమే అందుతుంది. కొన్ని నెలల ముందునుండే నడక, మెట్లెక్కడం అలవాటు చేయించండి. వైద్యునికి చూపించండి. 3,000 మీటర్లు దాటాక రోజుకు 500 మీటర్లకు మించి పైకి వెళ్లి నిద్రించరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒకరోజు ఆగాలి. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి పోరాదు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా రాత్రయినా సరే వెంటనే క్రిందికి దింపాలి. శిఖరం అక్కడే ఉంటుంది, ప్రాణం మళ్లీ రాదు.

1923లో పోపుగారు మెంతోన్ పునీత బెర్నార్డుగారిని పర్వతారోహకులకు పాలకునిగా ప్రకటించారు. 1939 ఫిబ్రవరి 10న ప్రభువులో నిద్రించారు. మీ బిడ్డలు ప్రయాణమయ్యే నాడు ఆ పునీతుని వేడుకోండి. అంతకు ముందు మూటలో వెచ్చని బట్టలు, మందులు ఉన్నాయో లేదో చూడండి. రెండూ భక్తే!