గస్సాన్ సదకజు

గస్సాన్ సదకజు (1836 - 1918) జపాను దేశానికి చెందిన సుప్రసిద్ధ ఖడ్గ నిర్మాత. కత్తులు ధరించడాన్ని ప్రభుత్వం నిషేధించిన కాలంలోనూ సంప్రదాయ పద్ధతిలో ఖడ్గాలను, తాంతో అనే పొట్టి బాకులను తయారుచేసి, ఆ విద్య అంతరించిపోకుండా కాపాడినవారిలో ఇతడు ముఖ్యుడు.

బాల్యం
సదకజు 1836లో ఓమి ప్రాంతంలో (నేటి షిగా ప్రిఫెక్చర్) జన్మించాడు. ఒసాకాలో స్థిరపడిన గస్సాన్ సదయోషి ఇతనిని చిన్నతనంలోనే దత్తత తీసుకొని కొలిమి పని నేర్పించాడు. ఉత్తర జపానులోని గస్సాన్ పర్వతం పేరు మీదుగా ఈ సంప్రదాయానికి ఆ పేరు వచ్చింది.

నిషేధ కాలం
1868లో మెయిజీ పాలన ప్రారంభమైన తరువాత సమురాయ్ వర్గం తన ప్రత్యేక హక్కులను కోల్పోయింది. 1876లో సైనికులు, పోలీసులు తదితరులు తప్ప ఇతరులు బహిరంగంగా కత్తి ధరించరాదని శాసనం వెలువడింది. కొనేవారు లేక పలువురు ఖడ్గకారులు వంటకత్తులు, పనిముట్లు చేయసాగారు. సదకజు మాత్రం ఖడ్గ నిర్మాణాన్ని విడిచిపెట్టలేదు. 1906లో ప్రభుత్వం ఇతనిని ఆస్థాన కళాకారునిగా నియమించింది. అదే సంవత్సరం మియమొతో కనెనోరి అనే మరొక ఖడ్గకారునికి కూడా ఈ గౌరవం లభించింది.

శైలి
ఇసుకలోని ఇనుప రజనును బొగ్గుతో కరిగించి తీసిన తమహగనె అనే ఉక్కు ఈ విద్యకు ఆధారం. దీనిని కాల్చి, సాగగొట్టి, పలుమార్లు మడతపెట్టడం వలన ఉక్కుపై చారలు ఏర్పడతాయి. గస్సాన్ కత్తులలో ఈ చారలు అలల వలె క్రమబద్ధంగా ఉంటాయి. వీటిని అయసుగి అంటారు. అలుగుకు మట్టి పూసి, కాల్చి, నీటిలో ముంచుతారు. అంచున మట్టి పూత పలుచగా ఉండటం వలన అది త్వరగా చల్లారి గట్టిపడుతుంది, వెన్నుభాగం మెత్తగా నిలుస్తుంది. తాంతో అలుగు సుమారు 30 సెంటీమీటర్లకు మించదు. అలుగుపై డ్రాగన్లు, దేవతామూర్తులు చెక్కడంలో సదకజు నిపుణుడు. జపాను ఖడ్గ విద్యలోని ఐదు ప్రధాన సంప్రదాయాలలోనూ ఇతడు కత్తులు చేశాడు.

వారసులు
సదకజు 1918లో మరణించాడు. కుమారుడు సదకత్సు (1869 - 1943) ఈ వృత్తిని కొనసాగించాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఖడ్గ నిర్మాణంపై మరల నిషేధం వచ్చినప్పటికీ కుటుంబం విద్యను నిలుపుకొన్నది. మనుమడు సదయిచి (1907 - 1995) తాత పేరులోని అక్షరాలనే వేరొక ఉచ్చారణతో స్వీకరించాడు. 1971లో జపాను ప్రభుత్వం అతనిని సజీవ జాతీయ సంపదగా గుర్తించింది.