పదవీ విరమణకు నోచుకోని మన్రో దొర

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరగా నాకు మొదట స్ఫురించిన పేరు సర్ థామస్ మన్రో. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరిన నాటి నుండి రిటైరయ్యేదాకా పట్టాలు, జమాబందీలు అంటూ ఆయన వేసిన బాటలోనే నడిచినవాణ్ణి నేను. మన్రోను కలెక్టరుగా మన జిల్లాల్లో ఎరుగనివారు లేరు. ఆయన అసలు కొలువు సైన్యంలో అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గోలో జన్మించారు. తండ్రి వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో వ్యాపారం దెబ్బతిని కుటుంబం చితికిపోయింది. చిన్నతనంలో తట్టు సోకి మన్రోకు వినికిడి కొంత తగ్గింది. ఆ లోపంతోనే ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా చేరి, 1780 జనవరిలో మద్రాసులో ఓడ దిగారు. అప్పటికి ఆయనకు 19 ఏళ్ళు కూడా నిండలేదు.

ఆ ఏడే హైదరాలీ ఆర్కాటు సీమపై దండెత్తాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద కర్నల్ బైలీ దళం సర్వనాశనమైంది. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో, కంచిలో ఉన్న ప్రధాన సైన్యంలో మన్రో ఉన్నారు. ఆ సైన్యం ఫిరంగులను కోనేటిలో పడవేసి మద్రాసు వైపు వెనుదిరిగింది. కొత్తగా కొలువులో చేరిన కుర్రవాడు చూసిన మొదటి యుద్ధమే ఓటమి. తరువాత 1781లో పోర్టోనోవో, 1783లో కడలూరు పోరాటాల్లో పాల్గొన్నారు. 1790 నుండి 1792 వరకు టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలోనూ పనిచేశారు.

యుద్ధం ముగిశాక బారామహల్ సీమ కంపెనీ వశమైంది. దేశభాషలు వచ్చిన సివిల్ అధికారులు కరువైనందున శిస్తు వసూలుకు సైనికాధికారులను నియమించారు. కెప్టెన్ రీడ్ కింద మన్రో అక్కడ ఏడేళ్ళు పల్లెల లెక్కలు నేర్చుకున్నారు. రైత్వారీ పద్ధతికి పునాది అక్కడే పడింది.

1800లో నిజాం కడప, బళ్ళారి ప్రాంతాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. అవే దత్తమండలాలు. 1928లో నంద్యాలలో రాయలసీమ అనే పేరు పెట్టుకునే దాకా మనకు ఆ పేరే ఉండేది. కర్నూలు పట్టణం మాత్రం 1839 వరకు నవాబు చేతిలోనే ఉంది. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో డేరాల్లో ఉంటూ ఊరూరా తిరిగి పొలాలు కొలిపించారు. 1803లో మరాఠా యుద్ధానికి వెళ్ళిన వెల్లెస్లీ సైన్యానికి ఎద్దులను, ధాన్యాన్ని ఈ కరువు సీమ నుండే పంపారు.

ఆయనను పొగిడి ఊరుకుంటే న్యాయం కాదు. సుమారు 80 మంది పాలెగాళ్ళను సైన్యబలంతో అణచివేశారు. శిస్తుకు ఎదురు తిరిగిన తెర్నేకల్లు గ్రామంపైకి ఫిరంగులు నడిచాయి. అధికారం పోయిన పాలెగాళ్ళ కుటుంబాలకు పెన్షన్లు మిగిలాయి. ఆ పెన్షను దగ్గర వచ్చిన తగాదా కూడా 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక కారణమైంది. పెన్షను ఆగితే మనసు ఎలా ఉంటుందో మన సభ్యులకు చెప్పనక్కరలేదు.

1807లో స్వదేశం వెళ్ళిన మన్రో 1814లో తిరిగి వచ్చారు. 56 ఏళ్ళ వయసులో మళ్ళీ కత్తి పట్టి, 1818లో బాదామి, బెల్గాం, షోలాపూరు కోటలు పట్టుకున్నారు. 1820లో మద్రాసు గవర్నరయ్యారు. 1824లో తనను విడుదల చేయమని కోరారు. అంతలో బర్మా యుద్ధం వచ్చింది. యుద్ధ సమయంలో కొలువు వదలి పోవడం తగదని ఆగిపోయారు. 1826లో యుద్ధం ముగిసింది. బిడ్డకు ఆరోగ్యం బాగులేక భార్య ముందుగా ఓడ ఎక్కింది. ఈయన మాత్రం తన స్థానంలో మరొకరు వచ్చేదాకా ఉండవలసి వచ్చింది.

వెళ్ళేలోగా దత్తమండలాలను ఒకసారి చూసి రావాలని 1827 మే నెలాఖరులో బయలుదేరారు. గుత్తి చేరేసరికి దండులో కలరా సోకింది. జూలై 6న పత్తికొండలో ఉదయం జబ్బు పడి, రాత్రికే కన్నుమూశారు. మరునాడు గుత్తిలో సమాధి చేశారు. 1831లో ఆ అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ప్రభుత్వం ఆయన జ్ఞాపకార్థం తోపు వేయించి, రాతిమెట్ల బావి కట్టించింది. జనం ఆయనను మాండవ్య ఋషి అన్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారనీ, కడప జిల్లా గండి క్షేత్రంలో బంగారు తోరణం ఆయనకు కనిపించిందనీ నేటికీ చెప్పుకుంటారు.

పరాయి ప్రభుత్వపు సైనికుడు, మన పాలెగాళ్ళను అణచినవాడు. అయినా రైతు మాట వినడానికి అతని చావడి దాకా వెళ్ళినవాడు. ఈ రెండూ నిజమే. మనమందరం పూలదండలు వేయించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరుకున్న అదృష్టవంతులం. 47 ఏళ్ళ కిందట కొలువులో చేరిన మన్రోకు ఆ సాయంత్రం దక్కలేదు. ఆ దారిన వెళ్ళే మిత్రులు పత్తికొండలో ఒక్క నిమిషం ఆగి, పిల్లలకు ఈ కథ చెప్పవలసిందిగా కోరుతున్నాను.